ప్లాస్టర్ గదిలో నేర్పేవారు కావాలి

సంపాదకుల గారికి,

నమస్కారం. మన రాష్ట్రంలో వైద్య విద్య పీజీ సీట్లు పెరుగుతున్న సంగతి పత్రికల్లో చదువుతున్నాను. సంతోషం. కాని సీట్ల లెక్క దగ్గరే మాట ఆగిపోతోంది. ఎముకల విభాగంలో చేరిన యువ డాక్టర్లకు చేతిపని ఎవరు నేర్పుతున్నారన్న ప్రశ్న ఎక్కడా కనబడదు. హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి ప్లాస్టర్ గదిలో 29 ఏళ్లు టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన మనిషిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎం.ఎస్. ఆర్థోపెడిక్స్ మూడేళ్ల చదువు. నీట్ పీజీలో మంచి ర్యాంకు వస్తేగాని ఆ సీటు దొరకదు. ఏ ఎముక పక్కన ఏ నరం పోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల పిల్లలు వాళ్లు. అయినా తడి ప్లాస్టర్ పట్టీ చేతికిస్తే మొదటి వారం అందరూ తడబడతారు. నేను ముందుగా నీళ్ల గురించి చెప్పేవాణ్ని. నీళ్లు వేడిగా ఉంటే ప్లాస్టర్ త్వరగా బిగుసుకుంటుంది. గట్టిపడేటప్పుడు దానిలోంచే వేడి పుడుతుంది, పసివాళ్ల చర్మం కాలవచ్చు. ముంచిన పట్టీలోంచి బుడగలు రావడం ఆగాకే తీయాలి. రెండు కొసలూ పట్టుకుని లోపలికి నొక్కి పిండాలి. బట్ట పిండినట్టు మెలిపెడితే పొడి అంతా బకెట్టులోకే పోతుంది. కట్టాక అరచేత్తో నిమరాలి. వేలి కొసలతో నొక్కిన చోట లోపల బొడిపె తేలి, కొద్దిరోజులకు చర్మం పుండు పడుతుంది. ఎముక విరిగిన మొదటి రోజున మాత్రం చుట్టూ పూర్తి కట్టు వేయకూడదు, ఎందుకంటే వాపు ఇంకా పెరుగుతుంది. ఒక పక్కన స్లాబ్ (చుట్టూ రాని సగం ప్లాస్టర్ పలక) పెట్టి, గుడ్డ పట్టీ వదులుగా చుట్టి, చేయి ఎత్తి ఉంచమని చెప్పి, మర్నాడు మళ్లీ చూడాలి.

ఈ చివరి మాట ఎందుకు పట్టుబట్టి చెబుతున్నానో రాస్తాను. సంక్రాంతి రోజుల్లో మా గదికి పిల్లల తాకిడి ఎక్కువ. గాలిపటం మీద కళ్లు పెట్టి వెనక్కి నడుస్తూ డాబా మీద నుంచి పడతారు, మోచేతికి కాస్త పైన ఎముక విరుగుతుంది. చాలా ఏళ్ల కిందట అలాంటి ఒక రాత్రి ఆరేళ్ల బాబును తెచ్చారు. డ్యూటీలో ఉన్న మొదటి ఏడాది పీజీ డాక్టరు ముందు రోజు పొద్దున ఎక్కిన డ్యూటీ ఇంకా దిగలేదు. సీనియర్లందరూ ఆపరేషన్ థియేటర్‌లో రోడ్డు ప్రమాదం కేసులతో ఉన్నారు. ఎముక సరిచేసి, మోచేతిని బాగా ముడిచి, పూర్తి ప్లాస్టర్ వేయబోయారు. ‘స్లాబ్ సరిపోతుందేమో డాక్టర్ గారూ’ అన్నాను. ఆయనకు వినబడలేదో, విన్నా నిద్రమత్తులో తలకెక్కలేదో. రెండోసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు. డాక్టరుకు టెక్నీషియన్ చెప్పడమేమిటి అంటారని జంకాను. పట్టీలు తడిపి అందించింది నేనే.

మర్నాడు మధ్యాహ్నం తల్లి బిడ్డను ఎత్తుకొచ్చింది. రాత్రంతా ఏడ్చాడట. విరిగింది కదా, నొప్పి ఉండదా అని ఇంట్లో వాళ్లు సర్దుకున్నారు. వేళ్లు ఉబ్బి చల్లబడి ఉన్నాయి. ఒక వేలిని నెమ్మదిగా చాపబోతే బాబు కేక పెట్టాడు. లోపల కండకు రక్తం అందడం లేదన్న మాట. కట్టును చర్మం కనబడే దాకా చీల్చాం, అటునుంచి అటే ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. చేయి దక్కింది, వేళ్లు మాత్రం పూర్తిగా చాచలేకపోయాడు. జర్మన్ డాక్టర్ ఫోక్‌మన్ 1881లోనే ఈ వంకరను వర్ణించి, బిగుతు కట్ల వల్ల వస్తుందని రాశాడు. ఆ సంగతి మా పీజీకి తెలియక కాదు, పరీక్షలో ఆయన దాని మీద వ్యాసమే రాసి ఉంటారు. ఆ రాత్రి పక్కన నిలబడి ‘ఆగండి’ అనగలిగిన పెద్ద డాక్టర్ ఒక్కరూ లేరు. తర్వాత రెండేళ్లూ ఖాళీ దొరికినప్పుడల్లా ఆయన మా గదికి వచ్చి శ్రద్ధగా పని నేర్చుకున్నారు.

పీజీల వంటి రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ మామూలుగా ఏకధాటిగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని కేంద్రం 1992లోనే ఆదేశించింది. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలు సహేతుకమైన పని గంటలు అన్నాయి, అంకె వేయలేదు. అంకె లేకపోతే వార్డులో దేన్ని చూపించి అడగగలరు?

ఆపరేషన్లు నేర్పవద్దని నేననను. నేను చేరిన కొత్తలో తొడ ఎముక విరిగినవారు కాలికి బరువులు వేలాడదీసుకుని వారాల తరబడి మంచం మీద ఉండేవారు. రాడ్ వేసి కొద్దిరోజుల్లోనే లేపి నడిపించడం నా కళ్లముందే మామూలైంది. కాని పీజీలు తాము చేసిన పని రాసుకునే లాగ్‌బుక్కుల్లో ఆత్రంగా నిండేవి రాడ్లు, ప్లేట్లు, కీళ్ల మార్పిడులే. కట్టు కట్టడాన్ని చిన్న పనిగా చూస్తున్నారు. 2021 బ్యాచ్ నుంచి పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నియమం వచ్చింది. అక్కడ మణికట్టు విరిగి వచ్చిన ముసలమ్మకు చాలాసార్లు చేతులతో సరిచేసి కట్టు కట్టడమే వైద్యం. వంకర పాదాలతో పుట్టిన బిడ్డకు పోన్సెటి పద్ధతిలో వారం వారం కట్టు మార్చాలి, ఐదారు కట్లలో పాదం దారికొస్తుంది. ఆ పాదాన్ని ఎంత తిప్పాలో చేతికే తెలియాలి.

మన నగరంలో ఎముక విరిగితే నేటికీ నాటు కట్లు కట్టే పహిల్వాన్ దగ్గరికి వెళ్లేవారున్నారు. వెదురు బద్దల బిగుతుకు వేళ్లు నల్లబడి మా దగ్గరికి వచ్చినవారిని చూశాను, కాబట్టి వెళ్లమని ఎవరికీ చెప్పను. ముందే ఇక్కడికి ఎందుకు రాలేదమ్మా అని ఒకామెను అడిగితే, ‘ఆయన చెయ్యి పట్టుకుని అరగంట కూర్చున్నాడయ్యా’ అంది.

పంజాగుట్ట నిమ్స్ మొదట నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి. ఎముకల వైద్యానికే ఒక ఆసుపత్రి కట్టుకున్న నగరం ఇది. ఇక్కడి బోధనాసుపత్రుల పెద్దలను వేడుకుంటున్నాను. మొదటి ఆరు నెలలు ప్రతి పీజీ పక్కన ప్లాస్టర్ గదిలో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉండాలి. అక్కడ కట్టిన కట్లు లాగ్‌బుక్కులో ఆపరేషన్లతో సమానంగా ఎక్కాలి. పిల్లల మోచేతి కేసుకు మొదటి ఏడాది వారిని రాత్రిపూట ఒంటరిగా వదలకూడదు. కట్టు బిగుతుగా ఉందని నర్సు గాని టెక్నీషియన్ గాని అంటే, చేయి ఆపి సీనియర్‌ను పిలవాలన్న నియమాన్ని గోడ మీద రాసి పెట్టాలి.

ఏ ఆసుపత్రి పిలిచినా వారానికి రెండు రోజులు వచ్చి నాకు తెలిసిన పని నేర్పుతాను. జీతం అక్కరలేదు. సైదాబాద్ నుంచి పొద్దున ఏడింటికి బస్సు ఎక్కితే ఓపీ మొదలయ్యే వేళకు అక్కడ ఉంటాను.

ఇట్లు,
విశ్రాంత ప్లాస్టర్ టెక్నీషియన్,
సైదాబాద్, హైదరాబాద్.