వార్షిక నివేదిక: జిమ్ లార్కిన్‌ను తెలుసుకున్న ఏడాది

ఐర్లాండ్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ వేడుకలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు. ఈ ఏడాది కొత్తగా చేసిన పని ఐర్లాండ్ కార్మిక నాయకుడు జిమ్ లార్కిన్ గురించి చదువుకోవడం, డబ్లిన్‌లో ఆయన తిరిగిన చోట్లు చూడటం. ఓకానెల్ స్ట్రీట్‌లో చేతులు పైకెత్తి నిలబడ్డ విగ్రహం ఆయనదేనని మనలో చాలామందికి తెలియదు.

లార్కిన్ లివర్‌పూల్‌లోని పేద ఐరిష్ కుటుంబంలో పుట్టాడు. 1907లో బెల్‌ఫాస్ట్ రేవు కార్మికుల్ని, బండ్లు తోలేవాళ్లని సమ్మెకు దింపినప్పుడు కాథలిక్కులు, ప్రొటెస్టంట్లు కలిసి నిలబడ్డారు. ఈ రెండు వర్గాల మధ్య గొడవలున్న ఆ ఊళ్లో అది చిన్న విషయం కాదు. తర్వాత 1909లో ఐరిష్ ట్రాన్స్‌పోర్ట్ అండ్ జనరల్ వర్కర్స్ యూనియన్ మొదలుపెట్టాడు.

మన చర్చల్లో ఎక్కువ సమయం 1913 లాకౌట్‌కే పోయింది, పోవాల్సిందే. ట్రామ్ కంపెనీ యజమాని విలియం మార్టిన్ మర్ఫీ యూనియన్‌లో చేరినవాళ్లని పనిలోంచి తీసేశాడు. ఆగస్టు 26న ట్రామ్ కార్మికులు బళ్లు ఎక్కడివక్కడ ఆపి దిగిపోయారు. మిగతా యజమానులూ మర్ఫీతో కలిశారు. ఈ యూనియన్‌తో సంబంధం లేదని సంతకం పెడితేనే పని అన్నారు. దాదాపు 20,000 మంది వీధిన పడ్డారు. సభను నిషేధించినా ఆగస్టు 31న లార్కిన్ గడ్డం పెట్టుకుని, ముసలి పెద్దమనిషి వేషంలో మర్ఫీ సొంత హోటల్‌కే వెళ్లి, అక్కడి నుంచే మాట్లాడాడు. పోలీసులు జనాన్ని చితకబాదారు. చలికాలమంతా యూనియన్ కార్యాలయమైన లిబర్టీ హాల్‌లో ఆయన చెల్లెలు డీలియా చూసుకున్న వంటశాల ఎన్నో కుటుంబాల ఆకలి తీర్చింది. ఆమె పేరు ఇంకా ఎక్కువ వినపడాలని నా అభిప్రాయం. 1914 మొదట్లో కార్మికులు ఓడి పనికి వెళ్లారు. యూనియన్ మాత్రం బతికింది.

ఆ తర్వాతి జీవితం మీద మనలో వాదన గట్టిగానే జరిగింది. లార్కిన్ 1914లో అమెరికా వెళ్లాడు, అక్కడ జైలు పాలయ్యాడు. 1923లో న్యూయార్క్ గవర్నర్ ఆల్ స్మిత్ క్షమాభిక్ష పెట్టాక తిరిగొచ్చాడు. వచ్చీరాగానే, అప్పటికి ట్రాన్స్‌పోర్ట్ యూనియన్‌ను నడుపుతున్న పాత సహచరుడు విలియం ఓబ్రయన్‌తో గొడవ. 1924లో వర్కర్స్ యూనియన్ ఆఫ్ ఐర్లాండ్ అనే వేరు కుంపటి వెలిసింది. 1927లో పార్లమెంటుకు గెలిచినా, దివాలా తీసి ఉండటంతో సీటు దక్కలేదు. 1937లో స్వతంత్ర లేబర్ అభ్యర్థిగా, మళ్లీ 1943లో లేబర్ పార్టీ తరఫున గెలిచాడు. ఆయన్ని పార్టీలో చేర్చుకున్నందుకు 1944లో ఓబ్రయన్ యూనియన్ లేబర్ పార్టీతో తెగతెంపులు చేసుకుంది. 1947 జనవరి 30న చనిపోయాడు. ఆయన మొండితనం కార్మికులకు ఎంత మేలు చేసిందో, ఉద్యమాన్ని అంతగానూ చీల్చిందని నేను నమ్ముతున్నాను. విడిపోయిన ఆ రెండు సంఘాలు 1990లో కలిసి సిప్టూ అనే ఒకే కార్మిక సంఘం అయ్యాయి. మనవాళ్లలో ఆసుపత్రుల్లో పనిచేసే కొందరు ఈరోజు అందులో సభ్యులే.

వచ్చే ఏడాది డీలియా లార్కిన్ గురించి, ఐరిష్ మహిళా కార్మికుల యూనియన్ గురించి ఒక సమావేశం పెట్టాలనుకుంటున్నాం. కొత్తగా వచ్చేవాళ్లకి ఇక్కడి పని హక్కుల మీద తెలుగులో చిన్న పుస్తకం వేయాలన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది. రాయగలిగినవాళ్లు, చట్టం తెలిసినవాళ్లు ముందే పేర్లివ్వండి.

— కార్యదర్శి