జీపు వెనక తలుపుకి లోపలి హ్యాండిల్ ఏది?

సంపాదకులకు,

పాత థార్లు, జీపులు ఉన్నవాళ్లు క్యాన్వాస్ కప్పు తీసేసి ఫైబర్ హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు) వేయించుకోవడం మామూలైపోయింది, కానీ దానికి వెనక తలుపు ఎలా చేస్తున్నారో ఎవరూ పట్టించుకోవడం లేదు. ఈమధ్య మా బండికి ఒక షెడ్డులో చేయించాం. చదరపు పైపుతో ఫ్రేమ్ వెల్డింగ్ చేసి, రేకు కొట్టి, అద్దం బిగించారు, పైకి నీటుగానే ఉంది. తీరా చూస్తే లోపలి నుంచి తెరవడానికి హ్యాండిలే లేదు! వెనక ఎదురెదురు సీట్లలో పిల్లలు కూర్చుంటారు, మారేడుమిల్లి ఘాట్‌లో బండి బోల్తా పడితే వాళ్లు ఎటునుంచి బయటికి రావాలి? అడిగితే "అందరికీ ఇలాగే చేస్తాం సార్" అన్నారు.

అద్దం కూడా టఫెన్డ్ (పగిలినా చిన్న చిన్న ముక్కలయ్యే గట్టి గాజు) కాదు, ఇళ్ల కిటికీలకి వేసే మామూలు గాజు, పగిలితే కత్తుల్లా చీలుతుంది. రబ్బరు బీడింగ్‌లో సందు ఉంటే దుమ్ముతో పాటు సైలెన్సర్ పొగ కూడా లోపలికి లాక్కుంటుంది, ఎందుకంటే పరిగెత్తే బండి వెనక గాలి పీడనం తగ్గుతుంది. తలుపుకి తగిలించే స్టెప్నీ బరువంతా సన్నటి కీళ్ల మీద వేస్తే తలుపు కిందికి దిగిపోతుంది.

కంపెనీ స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఈ సంగతి షెడ్డుకి వెళ్లే ముందు ఎంతమందికి తెలుసు? ఏ టాప్, ఏ తలుపు చెల్లుతాయో ప్రతి ఆర్టీఓ ఆఫీసు ముందు తెలుగులో బోర్డు పెట్టాలి, ఫిట్‌నెస్ తనిఖీలో లోపలి హ్యాండిల్ తిప్పి చూడాలి.

- ఒక జీపు యజమాని, రాజమహేంద్రవరం