శివుడికి, పుస్తకం గొడవ గురించి

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే శివుడూ,

నీ ఉత్తరాలకి జవాబు బాకీ ఉన్నాను, తెలుసు. తిట్టుకో, కానీ ఇది చదివాక తిట్టుకో. ముందు ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, అయినా సింహాచలం మెట్లెక్కుతానంటుంది. పెద్దది పరీక్షలు బాగా రాశానంటోంది, దాని అర్థమేమిటో ఫలితాలొచ్చాక తెలుస్తుంది. మీ చెల్లెలికి నీమీద కోపం ఇంకా పోలేదు, చీర రంగు సంగతి. బ్యాంకులో కొత్త మేనేజరొచ్చాడు, పాతాయనే నయం. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. నా కథలు పుస్తకంగా వేస్తున్నాను. ఈసారి నిజంగానే. నవ్వకు. ఉప్మా ఒప్పందం ప్రకారం నీకు నవ్వే హక్కు లేదు.

మొదట ఒక ప్రచురణ సంస్థ నుంచి ఫోనొచ్చింది. పేరు రాయను, వాళ్ళది ఈ ఊరు కాదు. ఓ అమ్మాయి ఎంతో మర్యాదగా, "సార్, కంగ్రాట్స్, మీ మాన్యుస్క్రిప్ట్ సెలెక్టయింది" అంది. నేను పంపింది రెండు కథలు, అందులో ఒకటి సగమే. మిగతావి చదవకుండా ఎలా సెలెక్టయిందమ్మా అంటే, "మా టీమ్‌కి మీ వాయిస్ నచ్చింది సార్" అంది. పక్కనుంచి మీ చెల్లెలు, "ఆ వాయిస్ రోజూ ఇంట్లో వినమను" అంది.

ప్యాకేజీ 60 వేలు. కవరు, పేజీలు పెట్టడం, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు), ఆన్‌లైన్‌లో అమ్మకం, నాకు 50 కాపీలు. "లాభంలో వంద శాతం మీదే సార్." ఒప్పందం కాగితాలు పంపారు. ఇన్నేళ్ళుగా లోను కాగితాలు చదివిన కళ్ళు కదా, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. లాభమంటే ఏమిటో నాలుగో పేజీలో దొరికింది: ముద్రణ, వెబ్‌సైటు వాటా, రవాణా, నిర్వహణ, అన్నీ పోగా మిగిలింది. అవి ఎంతెంతో వాళ్ళే చెప్తారట. కాపీలు ఇంకా కావాలంటే నా పుస్తకం నేనే కొనుక్కోవాలి. ఐఎస్‌బీఎన్‌కి విడిగా 3 వేలు వేశారు. ఆ నంబరు మన దేశంలో ఉచితంరా! ఢిల్లీలో రాజా రామమోహన్ రాయ్ పేరున ఒక జాతీయ ఏజెన్సీ ఉంది, కేంద్ర విద్యాశాఖ కింద. రచయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, పైసా తీసుకోరు. అయినా మెలిక 3 వేలు కాదు. ఆ నంబరు ఎవరి పేరున తీస్తే పుస్తకానికి ప్రచురణకర్త వాళ్ళే. రేపు వాళ్ళతో చెడి ఇంకోచోట వేసుకుందామంటే మళ్ళీ కొత్త నంబరు, కొత్త కవరు, అంతా మొదటికి.

వద్దని చెప్పేశాను. ఆ అమ్మాయి పాపం ఇప్పటికీ వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పెడుతోంది, పువ్వులతో సహా.

ఆ తర్వాత అల్లిపురం వెళ్ళాను. మా పెళ్ళి శుభలేఖలు వేసిన ప్రెస్సు గుర్తుందా? మా మావగారి ఇంటిపేరులో అచ్చుతప్పు పట్టుకుని నువ్వు పెళ్ళి ఆపినంత పని చేశావే, అదే. పెద్దాయన పోయారు, కొడుకు చూసుకుంటున్నాడు, మన ఈడే. కుర్చీ వేసి, టీ చెప్పి, మిగిలిపోయిన శుభలేఖ ఒకటి తిరగేసి దాని వెనక లెక్క మొదలెట్టాడు. డెమ్మీ సైజులో పదహారు పేజీలు ఒక ఫారం. నాది 160 పేజీలు, పది ఫారాలు. 70 జీఎస్‌ఎం మ్యాప్‌లితో కాగితం. ఆఫ్‌సెట్‌లో పెద్ద ఖర్చంతా ప్లేట్లు చేసి మిషనెక్కించేదాకానే, ఆ తర్వాత పెరిగేది ముఖ్యంగా కాగితం, బైండింగు. అందుకని ఐదొందల కాపీలకి 38 వేలు, వెయ్యికి 55 వేలు. అంటే కాపీ 76 నుంచి 55కి దిగుతుంది. డిజిటల్‌లో ప్లేట్లుండవు, ఎన్ని కావాలంటే అన్నే వేసుకోవచ్చు, కానీ కాపీ 120 పడుతుంది. రెండొందలకి 24 వేలు.

మన బుద్ధి తెలుసుగా, 55 రూపాయలు అనగానే మనసు వెయ్యి మీదకి పోయింది. అతను పెన్ను కింద పెట్టేశాడు.

"వెయ్యి ఏటి చేసుకుంటారండీ? గుద్దీమంటే గుద్దేస్తాను, నాకేటి. ఎక్కడెడతారు? ఓపాలి పైకి రండి."

శివుడూ, ఆ గది నువ్వు చూడాల్సింది. మేడ మీద రేకుల గది. ఓ పక్క పాత సీసపు అక్షరాల కేసులు, మూలన తుప్పుపట్టిన ట్రెడిల్ అచ్చుమిషను. మిగతా అంతా పుస్తకాల కట్టలే. పురికొసతో కట్టినవి, పాత పేపర్లు చుట్టినవి, పైకప్పు దాకా. కవితలు, శతకాలు, వాస్తు, ఓ డిటెక్టివ్ నవల, ఎవరో రిటైర్డు రైల్వే ఆయన ఆత్మకథ (రెండో భాగం మాత్రమే, మొదటి భాగం అమ్ముడైపోయిందో ఏమో). డబ్బంతా కట్టి, యాభై కాపీలు పట్టుకెళ్ళి, మిగతావి రేపొచ్చి తీసుకెళ్తామన్నవాళ్ళు కొందరట. సగం కట్టి మళ్ళీ కనబడనివాళ్ళు కొందరట. 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను రోజు, రేకులు లేచిపోయి పై వరసలన్నీ ముద్దయిపోయాయి. అడుగున ఉన్నవి బతికాయి.

"తడిసినవి తూకానికేసేద్దాం అన్నానండి. నాన్నగారు ఒప్పుకోలేదు. రచయితలొచ్చి అడిగితే ఏటి చెప్తామన్నారు."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది కూడా. ఎందుకంటే అతనిలా చెప్తుండగానే అడుగున చిరిగిన కట్టొకటి కనిపించి ఒక పుస్తకం లాగాను. లేత ఆకుపచ్చ అట్ట, సన్నగా, ఎనభై పేజీలు కూడా ఉండదు. కింద పేరు చూసి మళ్ళీ చూశాను.

మన డస్టర్ మాస్టారు!

ఒట్టు. ఇంటిపేరుతో సహా ఆయనే. 1987. అంటే మనం ఆయన క్లాసులో కూర్చుని ఉన్నప్పుడే. పైగా పద్యాలు కాదురా, వచన కవిత్వం! వచన కవిత్వం పేరెత్తితే డస్టరు విసిరిన మనిషి! నీ నుదుటి మీద ఆ గాటు ఇంకా ఉందా? ఆ డస్టరు విసిరిన చెయ్యి అప్పటికే ప్రూఫులు దిద్దుకుని వచ్చేదన్నమాట.

కిందకొచ్చాక అతను పాత ఖాతా పుస్తకం వెతికి తీశాడు. ఐదొందల కాపీలు. సగం డబ్బు కట్టారు, వంద కాపీలు పట్టుకెళ్ళారు, బాకీ 1,150 రూపాయలు. నేను పర్సు తీశాను. "వడ్డీతో కడతారా ఏటి? లెక్కేస్తే మీ పుస్తకం ఖర్చయిపోద్ది" అని నవ్వి, "పట్టుకుపొండి సార్, నాకు జాగా వస్తది" అన్నాడు. ఒక కట్ట స్కూటరు ముందు పెట్టుకుని ఇంటికొచ్చాను. మీ చెల్లెలు చూసి, "అప్పుడే అచ్చయిపోయిందా?" అని కాఫీ కూడా ఇచ్చింది. నిజం చెప్పాక ఆ కట్ట ఎక్కడ పెట్టాలన్న గొడవ మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది.

ఆ రాత్రి కూర్చుని అంతా చదివాను. సగం బాగోలేవు. మాస్టారైనా సరే, బాగోలేవు. కానీ ఫిషింగ్ హార్బరు మీద ఒకటుంది, ఇంకో నాలుగైదు... ఎలా చెప్పను, చెప్పలేను. ఏడో బల్ల మీద కూడా ఒకటుంది. అవును, మన ఏడో బల్లే. అది ఇందులో రాయను, వచ్చినప్పుడు నువ్వే చదువుకో.

చదివాక నా పుస్తకం వద్దనిపించింది. పూర్తిగా వద్దనిపించింది. ఆయన చెయ్యలేనిది నేనేం చేస్తాను, నా కథలు కూడా ఎవరి రేకుల కిందో తడుస్తాయి, మా పిల్లలు వాటిని తూకానికేస్తారు, ఇలా సాగింది. నీకు ఫోను చేద్దామనుకున్నాను గానీ ఆ టైములో చేస్తే నువ్వు కంగారుపడతావు.

పొద్దున్న లేచేసరికి మాత్రం కోపమొచ్చింది. ఆయన మీద. అమ్ముడుపోలేదని కాదు. మనకి చెప్పలేదేం? క్లాసులో అంతమందిమి ఉన్నాం, వెల ఆరు రూపాయలు, కొనమంటే భయంతోనైనా కొనేవాళ్ళం. ఇంట్లో అబద్ధమాడి డబ్బులు తెచ్చేవాళ్ళం, సినిమాకి తేలేదా? ఊళ్ళో మనం కనీసం నలభైమందిమి ఆయన పుస్తకం ఉందన్న సంగతే తెలియకుండా పెరిగిపోయాం. సిగ్గుపడ్డారా, మర్యాద అనుకున్నారా, ఏమో.

సరే, నా లెక్క విను. వెల 200 పెడదామనుకుంటున్నాను. నేనడిగిన షాపులో 40 శాతం కమీషనన్నారు, నాకొచ్చేది 120. డిజిటల్ కాపీ ఖర్చు కూడా 120, అంటే షాపులో అమ్మితే నాకు గుండు సున్నా. ఐదొందలు వేస్తే షాపుల ద్వారా 317 అమ్మితేగానీ పెట్టిన డబ్బు రాదు. నా కథలు షాపులో అన్ని పోతాయని నా మీద నీకున్నంత నమ్మకం కూడా నాకు లేదు. అందుకని డిజిటల్‌లో రెండొందలు, షాపులొద్దు, నేనే అమ్ముతాను. కాపీకి 80 మిగులుతుంది, అందులో 20 పోస్టుకి పోతుంది. రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేశారని ఏడ్చాం కదా, 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది పెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలే, నా పుస్తకం 200 గ్రాములు దాటదన్నాడు ప్రెస్సాయన. అయిపోతే ఇంకో యాభై వేయించుకుంటాను. పేర్ల జాబితా రాయడం మొదలెట్టాను. ఫోనులో ఉన్నవాళ్ళందరినీ అడుగుతాను, సిగ్గు లేకుండా. ఊరికే ఇవ్వను, నీకు కూడా ఇవ్వను, 200 పంపు.

మా పెద్దాయన ఒకాయన ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఆవిష్కరణ సభ పెట్టమంటున్నారు. పెడితే ఫ్లెక్సీ, శాలువాలు, బిస్కట్లు, వేదిక మీద ఏడుగురు, కింద వాళ్ళ బంధువులు. ఆ డబ్బుతో ఇంకో అరవై కాపీలొస్తాయి. వద్దనుకుంటున్నాను. మీ చెల్లెలు మాత్రం సభ కావాలంటోంది (చీర).

నువ్వు ఇలా అంటావని నాకు తెలుసు: తొందరెందుకు, శ్రీశ్రీ 1930ల్లో రాసినవి 1950లో కదా పుస్తకమయ్యాయి అని. ఆయనకి చెల్లింది. అప్పటికే ఆ కవితలు జనం నోట్లో ఉన్నాయి. నా కథలు నీ నోట్లో తప్ప ఎవరి నోట్లోనూ లేవు, నువ్వు కూడా తప్పులు చెప్పడానికే నోరు విప్పుతావు.

తప్పులంటే గుర్తొచ్చింది. ఫైలు యూనికోడ్‌లో ఉంది, డీటీపీ కుర్రాడు దాన్ని అచ్చుపనికి వాడే అను ఫాంట్లలోకి మారుస్తున్నాడు. మార్చినప్పుడల్లా వత్తులు ఎగిరిపోతున్నాయి. మొదటి ప్రూఫులో 'భార్య' అన్న చోటల్లా 'భార' అని వచ్చింది. అలాగే ఉంచెయ్యమన్నాను, మీ చెల్లెలికి చెప్పకు. రెండో ప్రూఫు నీకు పంపుతాను, శుభలేఖ చదివిన కళ్ళతో చదువు.

ఇంకో పని కూడా నీదే. 1954 నాటి చట్టం ఒకటుంది, పుస్తకం వేసిన ముప్ఫై రోజుల్లో కలకత్తా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ పంపాలి. నువ్వు ఖరగ్‌పూర్‌లోనే ఉన్నావు కదా, ఓ ఆదివారం తప్పించి ఎప్పుడైనా వెళ్ళి ఇచ్చి రా. అలాగే మాస్టారిది కూడా ఒకటి పట్టుకెళ్ళు. ముప్ఫై రోజులు ఎప్పుడో దాటిపోయాయి గానీ తీసుకుంటారేమో అడుగు. ఆయన కూతురు అనకాపల్లిలో ఉందని ఎవరో అన్నారు, నీకేమైనా తెలుసా? ఆ కట్ట ఆవిడకి ఇవ్వాలా, లేక మన బ్యాచ్ వాళ్ళందరికీ ఆరు రూపాయలకే...

ఉండు, డీటీపీ కుర్రాడు ఫోను చేస్తున్నాడు.

మూడో కథలో సైకిలు దొంగ పేరు శివుడనే ఉంది, అదే అడుగుతున్నాడు, ఉంచాలా మార్చాలా అని. రేపు పొద్దున్న పేజీలు ఖాయం చేస్తాడట. ఉంచేస్తున్నాను. అభ్యంతరముంటే ఈ ఉత్తరం అందేలోపే ఫోను చెయ్యి.

నీ
రాంబాబు