పెట్టె లోపల వార్నిష్ వద్దు

సంపాదక మహాశయా,

మా నాన్న వడ్రంగి పని చేసేవారు. ఆయన చిత్రిక పడుతుంటే లేచే పొట్టు వాసన చూసి, అది టేకో వేపో పనసో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. అమ్మ పట్టుచీరలు దాచుకున్న పెట్టె ఆయన చేసిందే. పైన పాలిష్ పెట్టారు గానీ లోపల ఏమీ పూయలేదు. ఇప్పటికీ మూత తీస్తే టేకు వాసన వస్తుంది.

మొన్న మా అమ్మాయి కోసం ఒక ఎగ్జిబిషన్‌లో ‘చందనం పెట్టె’ కొన్నాను. పదిహేను రోజులకే ఆ వాసన పోయి వార్నిష్ కంపు మిగిలింది. లోపల ఉప్పు కాగితంతో రుద్ది చూస్తే మామిడి చెక్క! పైన సెంటు పూసి అమ్మారు. డబ్బు సంగతి అలా ఉంచితే, మామిడి చెక్కను మామిడి చెక్కలా ఉండనివ్వలేదే అని మనసు చివుక్కుమంది.

కర్ర వాసన చాలావరకు చేవలో, అంటే మాను నడిమి గట్టి భాగంలో ఉంటుంది. శ్రీగంధం చేవలో నూనె ఉంటుంది కాబట్టే ఎంత పాత చెక్కయినా సానమీద నాలుగుసార్లు అరగదీస్తే మళ్లీ గుప్పుమంటుంది. ఎర్రచందనమూ అంతే అనుకుంటారు చాలామంది. శేషాచలం కొండల్లో పెరిగే ఆ చెట్టుకు రంగే గానీ చెప్పుకోదగ్గ వాసన లేదు.

మా నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేస్తారు. వాటికి వాడే కర్రల్లో దేవదారు ఒకటి. హిమాలయాల దేవదారు కాదిది, మన కొండల్లో పెరిగే చిన్న చెట్టు. దాని చేవ కమ్మగా ఉంటుంది. నా దగ్గరున్న గరిటెకు ఏ పూతా లేదు, వేడినీళ్లు తగిలితే చాలు వాసన తెలుస్తుంది.

ఇంటి వస్తువులు డిజైన్ చేసేవాళ్లను కోరేది ఇదే. పోపుల పెట్టె మూత అడుగు, సొరుగుల లోపలి పలకలు ఏమీ పూయకుండా వదిలేయండి. మూసి ఉన్నచోట వాసన నిలుస్తుంది. తగ్గితే ఉప్పు కాగితంతో మెల్లగా రుద్దుకోమని ఒక చీటీ పెట్టండి, ఏ కర్రో దాని మీదే రాయండి. ప్రభుత్వ హస్తకళల దుకాణాలు ముందుగా ఈ పని మొదలుపెట్టవచ్చు. మామిడి చెక్క అని చెప్పి అమ్మితే ఆ పెట్టెను నేను ఇష్టంగానే కొనేవాణ్ణి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి