సైకాలజీ పరీక్షకు చివరి వారం: చదివే తీరు మారాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. నేను అమెరికాలోని ఒక ఉన్నత పాఠశాలలో సైకాలజీ బోధిస్తున్న ఉపాధ్యాయురాలిని. మీ పత్రికను ఇక్కడి తెలుగు కుటుంబాలు ఇంటర్నెట్‌లో చదువుతుంటాయి కనుక, ఉన్నత పాఠశాలలోనే కాలేజీ స్థాయి పాఠాలు చదివి ఏటా మే నెలలో రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ సైకాలజీ పరీక్షకు మన పిల్లలు చివరి రోజుల్లో సిద్ధమయ్యే తీరు గురించి ఆ తల్లిదండ్రులకు మీ ద్వారా కొన్ని విషయాలు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

చివరి వారంలో చదవడమే తప్పని నేను అనడం లేదు. వీటిని నిర్వహించే కాలేజ్ బోర్డ్ అనే సంస్థ అన్ని సబ్జెక్టుల అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలనూ మే నెలలో దాదాపు రెండు వారాల వ్యవధిలో నిర్వహిస్తుంది. మూడు నాలుగు సబ్జెక్టులు తీసుకున్న విద్యార్థి కాలిక్యులస్‌కూ కెమిస్ట్రీకీ ఎక్కువ సమయం కేటాయించి, ఒకసారి చదివితే వచ్చేస్తుందిలే అన్న ధీమాతో సైకాలజీని చివరికి నెట్టేయడం సహజమే. నా ఆందోళన అంతా ఆ మిగిలిన నాలుగైదు రోజులూ ఎలా ఖర్చవుతున్నాయన్నదే.

సాధారణంగా జరిగేది ఇది: పాఠ్యపుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగేస్తారు, పసుపు రంగు హైలైటర్‌తో గీతలు గీస్తారు, ఆ గీతలను మళ్లీ చదువుతారు, పరీక్ష ముందు రోజు తెల్లవారే దాకా మేల్కొంటారు. జ్ఞాపకశక్తి ఎలా పనిచేస్తుందో వివరించే అధ్యాయాన్ని కూడా ఇదే పద్ధతిలో చదవడం నన్ను ఎక్కువగా బాధిస్తుంది, ఎందుకంటే ఆ పద్ధతి ఎందుకు పనికిరాదో ఆ అధ్యాయంలోనే రాసి ఉంటుంది. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల జాబితాలను తానే కంఠస్థం చేసి, ఎంత వేగంగా మరచిపోతున్నాడో కొలిచి, ఆ ఫలితాలను 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లోనే అత్యధికంగా ఉంటుందనీ, ఒకేసారి కూర్చుని చదివినదానికంటే విరామాలిచ్చి చదివినది ఎక్కువగా నిలుస్తుందనీ ఆయన పరిశీలన. చేతిలో నాలుగు రోజులే ఉన్నా ఈ సూత్రం వర్తిస్తుంది. ఒక యూనిట్‌ను సోమవారం మూడు గంటలపాటు చదివి వదిలేయడం కంటే, సోమ, మంగళ, గురువారాల్లో గంట చొప్పున చదవడం మేలు.

ఇంకా ముఖ్యమైనది రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివారు. మరికొందరు ఒక్కసారే చదివి, ఆ తరువాత మూడుసార్లు పుస్తకం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే నాలుగుసార్లు చదివినవారే మెరుగ్గా రాశారు. వారం తరువాత పరీక్షిస్తే వారికి గుర్తున్నది దాదాపు 40 శాతం, చూడకుండా రాసినవారికి గుర్తున్నది దాదాపు 61 శాతం. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకం ప్రకటించింది మాత్రం పదే పదే చదివిన విద్యార్థులే. పుస్తకం మూసిన వెంటనే అంతా వచ్చేసినట్టు అనిపించడం పిల్లల్ని ఎంత సులువుగా మోసం చేస్తుందో ఈ ఫలితం చెబుతుంది. కాబట్టి చివరి రోజుల్లో హైలైటర్ పక్కన పెట్టి, తెల్లకాగితం తీసుకుని, ఒక యూనిట్‌లో గుర్తున్నదంతా రాసి, ఆ తరువాత పుస్తకంతో సరిచూసుకోమని నా విద్యార్థులకు చెబుతాను. మొదటి కాగితం సగం ఖాళీగా ఉంటుంది, అది చూసి వాళ్లు బెంబేలెత్తుతారు. కానీ ఎక్కడ చదవాలో ఆ ఖాళీయే చూపిస్తుంది.

నిద్ర విషయానికి వస్తే, జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే మనస్తత్వవేత్తలు 1924లోనే, నేర్చుకున్న తరువాత నిద్రపోయినవారు మెలకువగా ఉన్నవారికంటే చాలా తక్కువ మరచిపోతారని చూపించారు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రవైద్య నిపుణుల సంఘం సిఫారసు చేస్తోంది. రాత్రి రెండింటికి చదివిన పేజీ కోసం, అంతకు ముందు చదివిన పది పేజీలు పదిలమయ్యే నిద్రను వదులుకోవడం నష్టపు బేరం. ఈ మాట కొందరు తల్లిదండ్రులకు రుచించదని నాకు తెలుసు. లైటు వెలుగుతుంటే పిల్లవాడు కష్టపడుతున్నాడని మనకు తృప్తి. ఆ తృప్తికి మూల్యం మరునాడు పరీక్ష గదిలో పిల్లవాడే చెల్లిస్తాడు.

ఇక పరీక్ష స్వరూపం. ఇది 2025 మే నుంచి మారిపోయింది, అయినా అన్నయ్య వాడిన పాత గైడు తమ్ముడి చేతికి రావడం నేను ఇప్పటికీ చూస్తున్నాను. పాత పరీక్షలో 9 యూనిట్లు, 70 నిమిషాల్లో 100 బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉండేవి. ఇప్పుడు 5 యూనిట్లు, 90 నిమిషాల్లో 75 ప్రశ్నలు. వీటికి మొత్తం మార్కుల్లో మూడింట రెండు వంతుల విలువ ఉంది. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కనుక ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. మిగిలిన 70 నిమిషాల్లో రెండు వ్యాసరూప ప్రశ్నలు ఉంటాయి. మొదటిదానిలో ఒక పరిశోధన సారాంశం ఇచ్చి, అందులో ఏ పద్ధతి వాడారు, చరరాశిని (పరిశోధనలో మారే అంశాన్ని) ఎలా కొలిచారు, ఇచ్చిన సంఖ్యలకు అర్థమేమిటి, ఏ నైతిక నియమాన్ని పాటించారు, ఫలితాలు ఎవరికి వర్తిస్తాయి అని అడుగుతారు. రెండోదానిలో మూడు పరిశోధనల సారాంశాలు చదివి, ఒక అభిప్రాయాన్ని ప్రతిపాదించి, వాటిలోని సాక్ష్యాలతో, సైకాలజీ భావనలతో సమర్థించాలి. పాత గైడులో ఈ రెండు తరహాలూ ఉండవు. నిర్వచనాలు వందల కొద్దీ బట్టీ పట్టి వెళ్లిన పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే.

పరిశోధనా పద్ధతుల భాగాన్ని చివరి రోజుల్లో అన్నింటికంటే ముందు చదవమని నేను పట్టుబట్టేది ఇందుకే. అవి ఏదో ఒక యూనిట్‌కు పరిమితం కావు, పరీక్ష అంతటా వస్తాయి. ఒక ఉదాహరణ చెబుతాను. జనాభా నుంచి కొందరిని యాదృచ్ఛికంగా ఎంచుకోవడం వేరు, ఎంచుకున్నవారిని యాదృచ్ఛికంగా రెండు బృందాలుగా విడదీయడం వేరు. మొదటిది ఉంటే ఫలితాన్ని ఆ జనాభా అంతటికీ వర్తింపజేయవచ్చు. రెండోది ఉంటేనే ఇది దానికి కారణం అని చెప్పవచ్చు. తరగతిలో ఈ తేడాను చక్కగా అప్పజెప్పిన అమ్మాయే, నిద్ర తక్కువైన విద్యార్థులకు మార్కులు తక్కువ వచ్చాయన్న సర్వే సారాంశం ఇవ్వగానే, నిద్రలేమి వల్లే మార్కులు తగ్గాయని రాసేస్తుంది. సర్వేలో ఎవరినీ బృందాలుగా విడదీయలేదని ఆ క్షణంలో తట్టదు. ఇలాంటి నాలుగైదు సారాంశాలు చదివి జవాబులు రాసి చూసుకుంటే వచ్చే ఫలితం, అన్ని నిర్వచనాలనూ మరోసారి చదివితే రాదు.

నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ సంగతీ అంతే. దానిని శిక్షగా పొరబడే పిల్లలు కోకొల్లలు. కారులో బెల్టు పెట్టుకోగానే బీప్ శబ్దం ఆగిపోతుంది, ఆ శబ్దం తప్పించుకోవడానికి మరుసటిసారి బెల్టు ముందే పెట్టుకుంటాం. ఇబ్బంది తొలగినందువల్ల ప్రవర్తన పెరిగింది, కాబట్టి ఇది శిక్ష కాదు. ఈ ఒక్క ఉదాహరణను పిల్లలు సొంతంగా మరో రెండు సందర్భాలకు అన్వయించగలిగితే, ఇక ఆ నిర్వచనాన్ని మళ్లీ చదవనక్కరలేదు.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. సైకాలజీ మనకు తెలియదు కదా, మనమేం సాయం చేయగలం అనుకోకండి. పరీక్ష ముందు రోజు సాయంత్రం పుస్తకం మీరు పట్టుకుని, ఏదో ఒక పేజీ తీసి, అందులో మందపాటి అక్షరాల్లో ఉన్న పదాన్ని చదివి, అదేమిటో, నిత్యజీవితంలో ఎక్కడ కనిపిస్తుందో చెప్పమనండి. తెలుగులో చెప్పినా సరే, తెలుగూ ఇంగ్లిషూ కలిపి చెప్పినా సరే. నానమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ భావన వచ్చినట్టే. చెప్పలేకపోతే ఆ పేజీకి గుర్తు పెట్టి, పది నిమిషాల తరువాత మళ్లీ అడగండి. ఇలా ఒక గంట గడిపి, రాత్రి పది గంటలకల్లా పడుకోబెట్టండి.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక సైకాలజీ ఉపాధ్యాయురాలు,
న్యూజెర్సీ