అద్దెదారుల సంఘం వార్షిక నివేదిక: యూసుఫ్‌గూడ, కృష్ణానగర్

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన దగ్గరికి వచ్చిన గొడవల్లో ఎక్కువ భాగం అగ్రిమెంటు మధ్యలో అద్దె పెంచడం గురించే. "వచ్చే నెల నుంచి రెండు వేలు ఎక్కువ, కుదరకపోతే ఖాళీ చెయ్యండి" అంటారు. షూటింగ్ ఉన్న రోజే కూలి దొరికే ఇంట్లో ఆ రెండు వేలంటే నెల బియ్యం, పాలు.

ఒక లైట్‌మన్ కుటుంబం తరఫున కమిటీ వాళ్లం ముగ్గురం ఓనర్‌తో మాట్లాడాం. చేతిలో పదకొండు నెలల అగ్రిమెంటు ఉంది కాబట్టి గడువు తీరేదాకా పాత అద్దెకే ఆయన ఒప్పుకున్నారు. కాగితం లేని ఇంకో ఇంటికి మాత్రం ఏమీ చేయలేకపోయాం. పిల్లల పరీక్షల ముందు వాళ్లు సామాను సర్దుకుని బోరబండ వైపు వెళ్లిపోయారు. ఆ బాధ ఇంకా ఉంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం సభ్యుల అగ్రిమెంట్లు చదివి, అర్థమయ్యేలా చెబుతున్నాం.

అద్దె నియంత్రణ చట్టం లేదా అని చాలామంది అడిగారు. 1960 నాటిది ఉంది. న్యాయమైన అద్దె నిర్ణయించమని రెంట్ కంట్రోలర్‌ను అడిగే వీలూ అందులో ఉంది. కానీ 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె రూ.3,500 దాటిన ఇళ్లకు అది వర్తించదు. మన గల్లీల్లో మేడ మీది రేకుల గదికే అంతకంటే ఎక్కువ అడుగుతున్నారు. ఆ పరిమితి పెంచాలని వినతిపత్రం ఇచ్చాం, జవాబు రాలేదు. మళ్లీ ఇస్తాం.

కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదు, పెంపు గురించి మూడు నెలల ముందే రాసి ఇవ్వాలి. రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటేనే ఇవి అమలవుతాయి. అది సాధించడమే వచ్చే ఏడాది మన ముఖ్యమైన పని.

కరెంటు సంగతి కూడా అద్దెలాంటిదే. నాలుగు పోర్షన్లకూ ఒకే మీటరుంటే యూనిట్లన్నీ కలిసి పై స్లాబులో పడతాయి. తెల్ల రేషన్ కార్డున్న అద్దెదారులకూ గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు ఉచితమే, కానీ విడి మీటరు లేక చాలామందికి అందడం లేదు. విడి మీటరు పెట్టించడానికి ముందుకొచ్చిన ఓనర్లూ ఉన్నారు. వాళ్లకు కృతజ్ఞతలు. అద్దె మీదే బతికే పెద్దవాళ్ల ఇబ్బంది మనకు తెలుసు, వాళ్లతో మనకు తగవు లేదు.

రసీదు పుస్తకాలు సంఘం గదిలో ఉన్నాయి. అద్దె నగదుగా ఇచ్చేవాళ్లు ఒకటి తీసుకెళ్లి, నెలనెలా ఓనర్ సంతకం పెట్టించుకోండి.

— కార్యదర్శి