అమ్మ డైరీలో నా పేరు కింద

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

నేనిక్కడ కులాసా. నంబరు తిప్పకుండా నాతో మాట్లాడే కొత్త దారి ఒకటి మీ ఫోన్లో పెట్టించాను. ఈ సంగతి ఫోన్లోనే చెప్పొచ్చు గానీ, మీరు తీరిగ్గా రెండుసార్లు చదువుకుంటారని ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల జరిగింది ఇంకా నా మనసులోంచి పోలేదు. ఇల్లు మారినప్పుడు ఫోన్ కంపెనీ కూడా మార్చి కొత్త నంబరు తీసుకున్నాను కదా. అమ్మ డైరీలో రాసుకుంది కూడా. అయినా అలవాటుకొద్దీ పాత నంబరుకే చేసింది. ఎవరో మగమనిషి ఎత్తాడు. "మా అమ్మాయికి ఇవ్వండి" అని అమ్మ అడుగుతుంటే తెలియని భాషలో ఏదో అని పెట్టేశాడు. ఆ తర్వాత రెండు గంటలు నేను మీటింగులో ఉండి ఫోనే చూసుకోలేదు. బయటికొచ్చి చేసేసరికి అమ్మ గొంతు పూడుకుపోయి ఉంది. ఆ గొంతు నేను మళ్ళీ వినకూడదు.

ఆ మనిషి తప్పేమీ లేదు. మనం వదిలేసిన నంబరును కొన్నాళ్ళు పక్కన పెట్టి ఇంకొకరికి ఇచ్చేస్తారు. అంకెలు ఎన్నని పుట్టించగలరు? దేశం కోడుతో కలిపి 15 అంకెలు దాటకూడదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నియమం. పోయినసారి వచ్చినప్పుడు ఆ డైరీ తీసి చూశాను. నా పేరు కింద ఆరు నంబర్లున్నాయి. ఐదు కొట్టేసి ఉన్నాయి. ఒకదాని మీద అమ్మ పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే వెనక పేజీకి గాడి పడింది. అన్నీ ఒకే కూతురివి.

నాన్నా, మీరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన రోజుల్లో నన్ను ఒకసారి లోపలికి తీసుకెళ్ళారు. గది నిండా టకటకలు. లైను కలిపే సెలెక్టర్ అనే యంత్రం చూపించి చెప్పారు: డయల్ మీద 7 తిప్పితే లైన్లో ఏడు పల్సులు, అంటే ఏడు కరెంటు తట్లు, 0 తిప్పితే పది. చివరి రెండు అంకెల్లో మొదటిదానికి సెలెక్టర్ చెయ్యి పైకి ఎక్కుతుంది, రెండోదానికి పక్కకు తిరుగుతుంది, అక్కడ మనిషి దొరుకుతాడు. 1891లో స్ట్రౌజర్ పేటెంటు తీసుకున్న యంత్రం అదేనని కూడా చెప్పారు. ఇన్నేళ్ళ తర్వాత నాకు అర్థమైందేమిటంటే, నంబరు మనిషికి పెట్టిన పేరు కాదు. ఎన్ని మెట్లు ఎక్కాలో, ఎటు తిరగాలో యంత్రానికి చెప్పే దారి. యంత్రం పనిని మనం వేళ్ళతో చేసిపెట్టాం, ఆ దారిని గుర్తుపెట్టుకునే బరువు కూడా మనమే మోశాం. ఆ సెలెక్టర్లు పోయాయి. బరువు మాత్రం అమ్మ డైరీలో ఉండిపోయింది.

అందుకే నా పేరుతో ఒక వెబ్ చిరునామా తీసుకుని, అందులో ఒక లింకు పెట్టాను. మొన్న తమ్ముడు వచ్చినప్పుడు మీ ఫోన్ మొదటి తెర మీద నా ఫొటోతో ఒక బొమ్మ పెట్టాడు కదా, అదే. దాన్ని నొక్కితే బ్రౌజర్లో నా పేజీ తెరుచుకుంటుంది, నా ఫోన్ మోగుతుంది. యాప్ వేసుకోనక్కర్లేదు, దేశం కోడు అక్కర్లేదు. నేను సిమ్ మార్చినా, దేశం మారినా ఆ బొమ్మ మారదు. లోపల అది ఎక్కడికి పోవాలో ఇక్కడ నేను మార్చుకుంటాను. ఏటా డబ్బు కట్టి ఆ చిరునామాను నిలబెట్టుకోవాలి, అది నా బాధ్యత. ఫేస్‌టైమ్ 2021లో, వాట్సాప్ 2022లో కాల్ లింకులు తెచ్చాయి, అవీ మంచివే. కానీ అవి ఆ కంపెనీలిచ్చిన లింకులు. ఇది నా సొంత పేరు మీద ఉండాలని పట్టుబట్టాను. నంబరు విషయంలో జరిగిందే మళ్ళీ జరగకూడదు.

లోపల ఏం జరుగుతుందో మీరు తప్పక అడుగుతారు. బ్రౌజర్లోంచే మాట్లాడుకునే ఈ పద్ధతి పేరు వెబ్‌ఆర్‌టీసీ. గూగుల్ 2011లో దాని కోడ్ అందరికీ ఇచ్చింది, 2021 జనవరిలో అది అధికారిక వెబ్ ప్రమాణమైంది. మీరు నొక్కగానే మధ్యలో ఒక సర్వర్ మీ ఫోన్‌కీ నా ఫోన్‌కీ పరిచయం చేస్తుంది. మన ఇద్దరి ఇళ్ళలోనూ నెట్ పంచే రౌటర్ల వెనక ఉన్నాం కాబట్టి, బయటి ప్రపంచానికి తాము ఏ చిరునామాతో కనిపిస్తున్నాయో మన ఫోన్లు ముందు కనుక్కుంటాయి. దారి దొరికితే మాట నేరుగా మీ నుంచి నాకు వస్తుంది. దొరక్కపోతే ఇంకో సర్వర్ అందుకుని అందిస్తుంది. ఎటు పోయినా మాట సంకేతలిపిలోనే పోతుంది, ఆ పద్ధతిలో అది తప్పనిసరి. మీ ఎక్స్ఛేంజిలో మొత్తం గది చేసిన పనే ఇది. ఈసారి దారి వెతికే పని యంత్రానిదే.

నన్ను అన్నిటికంటే కదిలించింది మాత్రం శబ్దం. పాత ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న శబ్దాన్నే మోస్తుందని, అంతకంటే సన్నని శబ్దం అందులో పోదని మీరే చెప్పేవారు. స, ఫ లాంటి అక్షరాల్లోని ఊపిరి చాలావరకు దానికి పైనే ఉంటుంది, అందుకే ఫోన్లో పేర్లు రెండుసార్లు చెప్పాల్సొచ్చేది. ఇందులో శబ్దాన్ని కుదించి పంపడానికి వాడే ఓపస్ అనే పద్ధతి 20,000 హెర్ట్జ్ దాకా పోగలదు. మొన్న తమ్ముడు పరీక్షకని నొక్కి అమ్మకి ఇచ్చాడు. మాట మొదలుపెట్టే ముందు అమ్మ పీల్చుకున్న గాలి వినిపించింది. కానీ గాజుల చప్పుడు లేదు. ఎందుకా అని చూస్తే, అనవసరపు శబ్దాలు తీసేసే సదుపాయం ఒకటి దానంతటదే పనిచేస్తోంది. దాన్ని ఆపేశాను. రెండోసారి అమ్మ ఫోన్ చేతులు మార్చుకుంటుంటే గాజులు గలగలమన్నాయి. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

ఇంకొకటి. నంబరుకు మోగడం తప్ప మరేం తెలియదు. ఈ పేజీ మోగే ముందు అమ్మకి ఒక మాట చెబుతుంది. నా దగ్గర ఇప్పుడు టైం ఎంతో, నేను నిద్రలో ఉన్నానో ఆఫీసులో ఉన్నానో తెలుగులో కనిపిస్తుంది. నేను ఎత్తలేకపోతే అక్కడే మాట రికార్డు చేసి పెట్టొచ్చు. అర్జెంటు అని ఎర్రగా ఉన్నది నొక్కితే నిద్రలో ఉన్నా లేపుతుంది. మొహమాటపడకుండా నొక్కమనండి.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి, ఇవి అమ్మకి చదివి వినిపించండి. లింకు ఇంటి తాళంచెవి లాంటిది, ఎవరికీ పంపొద్దు. 2020లో అందరూ వీడియో మీటింగుల్లోకి మారినప్పుడు, లింకు దొరికిన ముక్కూమొహం తెలియనివాళ్ళు క్లాసుల్లోకి కూడా జొరబడ్డారు. పొరపాటున ఎవరి చేతికైనా వెళ్తే వెంటనే చెప్పండి, దాన్ని రద్దు చేసి కొత్తది పెడతాను. నేనే పంపానని చెప్పి ఏ మెసేజిలో ఏ లింకు వచ్చినా తెరవద్దు. బొమ్మ ఒక్కటే నాది.

నంబరు తీసేయమని మాత్రం అనడం లేదు. నెట్ లేకపోతే లింకు పనిచేయదు. బ్యాంకు ఓటీపీలు నంబరుకే వస్తాయి. అంబులెన్సుకీ పోలీసుకీ నంబరే, అక్కడ ఈ బొమ్మను నమ్ముకోవద్దు. డైరీ ఫోన్ పక్కనే ఉండనివ్వండి, నా ఆరో నంబరు అందులో ఉండనివ్వండి.

ఉత్తరం అందిన ఆదివారం మీరొక్కరే ఒకసారి నొక్కండి, తమ్ముడి సాయం లేకుండా. మైకు వాడుకోవచ్చా అని అడుగుతుంది, అనుమతించు అని ఉన్నది నొక్కండి. నొక్కకపోతే నా మాట మీకు వినిపిస్తుంది గానీ మీది నాకు రాదు. తర్వాత అమ్మకి ఇవ్వండి. నేను ఫోన్ చేతిలో పెట్టుకునే ఉంటాను.

మీ పెద్దమ్మాయి